పెద్దకర్మ అయ్యాక ఎవరొస్తారు?

భార్యనో భర్తనో పోగొట్టుకున్న ఇంటికి మొదటి పన్నెండు రోజులూ వచ్చేపోయేవారికి లెక్కుండదు. పదమూడో రోజు నుంచి గడప తొక్కేవారే కనపడరు. దుఃఖం తన బరువంతా చూపించేది అప్పుడే. మన పరామర్శ పద్ధతి మారాల్సింది కూడా సరిగ్గా అక్కడే.

పెళ్లికి పిలిస్తే వెళ్లాలి, చావుకు పిలవకున్నా వెళ్లాలి అంటారు పెద్దలు. తెలుగువాళ్లు ఈ మాటను ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నారు. కబురు తెలిసిన గంటలో వీధిలో షామియానా లేస్తుంది, అద్దె కుర్చీలు దిగుతాయి, ఐస్ బాక్స్ వస్తుంది. పొయ్యి వెలిగించని ఇంటికి పక్కింటివారో వియ్యాలవారో అన్నం క్యారియర్లు మోసుకొస్తారు. మూడో రోజు చిన్నకర్మ, తెలంగాణ పల్లెల్లో పిట్టకు పెట్టడం, ఆ తర్వాత పదో రోజు, పదకొండో రోజు, చివరికి పెద్దకర్మ భోజనాలు. క్రైస్తవుల ఇళ్లలో ఆదరణ కూడిక జరుగుతుంది. ముస్లింల ఇళ్లలో మూడో రోజున, నలభయ్యో రోజున ప్రార్థనలకు బంధువులు చేరతారు. పద్ధతులు వేరైనా ఒరవడి ఒకటే: ముందు జనం, తర్వాత ఖాళీ. పెద్దకర్మ మర్నాడు షామియానా విప్పేస్తారు. కొడుకు బెంగళూరుకో డాలస్‌కో తిరుగు ప్రయాణం కడతాడు. పిల్లలకు పరీక్షలున్నాయని కూతురు అత్తారింటికి బయల్దేరుతుంది. ఏళ్ల తరబడి ఇద్దరు మసలిన ఇంట్లో ఆ సాయంత్రం నుంచి ఒక్కరే ఉంటారు.

జీవిత సహచరుల్ని పోగొట్టుకున్నవారిని ఓదార్చడంలో మనం చేస్తున్న పొరపాటు ఏ మాట అనాలో తెలియకపోవడమని చాలామంది అనుకుంటారు. అందుకే ఏం చెప్పాలో నేర్పే సలహాలకు కొదవ లేదు. నా వాదన వేరు. మన లోపం మాటల్లో కన్నా వేళలో ఎక్కువ ఉంది. అవసరం తక్కువగా ఉన్నప్పుడు కుప్పగా వెళ్తున్నాం, ఎక్కువైనప్పుడు మాయమవుతున్నాం. పన్నెండు రోజుల పరామర్శను ఏడాదికి పరచుకోవాలి. ఓదార్పులో ఎక్కువ పాలు పనుల రూపంలో ఉండాలి. ఇలా అనడానికి వైద్యుల లెక్కలూ, మన సంప్రదాయమూ, మన కావ్యాలూ కూడా ఆధారం ఇస్తున్నాయి.

ఆరు నెలల గండం

మనిషి జీవితంలో వచ్చే పెద్ద మార్పులను ఒత్తిడి లెక్కన తూచే పట్టిక ఒకటి 1967లో అమెరికాలో తయారైంది. థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు మానసిక వైద్యులు 43 సంఘటనలకు మార్కులు వేయించారు. విడాకులకు 73, జైలు శిక్షకు 63, రక్తసంబంధీకుల మరణానికి 63 పడ్డాయి. నిండుగా 100 పడింది ఒక్కదానికే: భార్య లేదా భర్త మరణం. అంతకు నాలుగేళ్ల ముందు, 1963లో, లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటిష్ అధ్యయనం ఇంకా కఠోరమైన సంగతి చెప్పింది. భార్యలు చనిపోయిన 55 ఏళ్లు పైబడిన 4,486 మంది పురుషులను పరిశీలిస్తే, తొలి ఆరు నెలల్లో వారి మరణాల రేటు అదే వయసు వివాహిత పురుషుల కన్నా దాదాపు 40 శాతం ఎక్కువగా తేలింది. ఆ తర్వాత క్రమంగా తగ్గి మామూలు స్థాయికి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో అనేక దేశాల్లో జరిగిన పరిశోధనలు కూడా ఈ ముప్పు మొదటి నెలల్లోనే ఎక్కువని, స్త్రీల కన్నా పురుషుల్లో ఎక్కువగా కనిపిస్తోందని చూపాయి.

ఈ అంకెలను చూసి గుండె పగిలి పోయారని తేల్చేయడం తొందరపాటు. ఒకే కప్పు కింద బతికిన ఇద్దరికీ ఒకే తిండి, ఒకే గాలి, ఒకే పేదరికం ఉండొచ్చు. వాటి వల్ల కూడా వెంటవెంటనే పోవచ్చు. కానీ మన ఇళ్లు ఎలా నడుస్తాయో తెలిసినవారికి మరో కారణం కళ్ల ముందే ఉంది. ఆయన బీపీ మాత్ర ఏ డబ్బాలో ఉందో ఆమెకే తెలుసు, షుగరు పరీక్షకు ఏ తేదీన వెళ్లాలో ఆమెకే గుర్తు. ఆమె లేకపోతే ఆయన మాత్ర మానేస్తాడు, పొద్దున టిఫిను మానేస్తాడు, చివరికి అన్నం వండుకోవడం రాక బిస్కెట్లతో పూట గడుపుతాడు. ఆయన పోతే ఆమెకు బ్యాంకు ఖాతా ఏదో, బీమా కాగితం ఎక్కడుందో, అప్పు ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియదు. ఇల్లు నడిపే తెలివిడిని ఇద్దరూ చెరిసగం పంచుకుని బతికారు కాబట్టి, ఒకరు వెళ్లిపోతే మిగిలినవారికి సగమే మిగులుతుంది. పన్నెండు రోజులూ ఇల్లంతా మనుషులుంటారు గనక ఆ లోటు బయటపడదు. తర్వాత ఆరు నెలలపాటు రోజుకొకటి చొప్పున బయటపడుతుంది.

ఏడాది లెక్క మన పూర్వులదే

ఇదంతా పడమటి పుస్తకాల గోల, మన సంప్రదాయం పన్నెండు రోజుల్లో అన్నీ చక్కబెట్టింది కదా అనే పెద్దలుంటారు. సంప్రదాయాన్ని జాగ్రత్తగా చూస్తే అది చెప్పేది మరొకటి. అపరకర్మల్లో మాసికాలున్నాయి, నెలనెలా పెట్టాలి. ఏడాది చివర సంవత్సరీకం. పోయినవారిని పితరుల్లో కలిపే సపిండీకరణం శాస్త్రం ప్రకారం ఏడాది నిండాక చేయాల్సింది. వెసులుబాటు కోసం పన్నెండో రోజున చేయవచ్చన్న వికల్పం కూడా శాస్త్రంలో ఉంది, ఇప్పుడు అదే వాడుక అయింది. నెలనెలా పెట్టాల్సిన మాసికాలను కూడా ఒకే రోజున ముగించే ఇళ్లు ఉన్నాయి. సెలవు దొరకదని పెద్దకర్మనే ముందుకు జరిపే కుటుంబాలూ పెరుగుతున్నాయి. ఎవరి తీరిక వారిది, తప్పు పట్టలేం. కానీ కర్మను కుదించినప్పుడు దాని వెంట నడిచే మానవ సంబంధం కూడా కుదించుకుపోయింది. మాసికం పేరుతో నెలకోసారైనా ఆ ఇంట నలుగురు కూర్చుని, పోయినవారికి ఇష్టమైన వంటకం వండి, వారి గురించి మాట్లాడుకునే అవకాశం పోయింది. ఇస్లాంలో వితంతువు సంతాప కాలం నాలుగు నెలల పది రోజులు. ఏ మతమూ ఈ దుఃఖం రెండు వారాల్లో తీరిపోతుందని అనుకోలేదు. అలా అనుకుంటున్నది మన సెలవుల క్యాలెండరు. కాబట్టి ఏడాది పరామర్శ కొత్త ఊహ అనుకోనక్కర్లేదు, మనం వదిలేసుకున్న పాత పద్ధతిని నమ్మకాలతో పని లేకుండా తిరిగి తెచ్చుకోవడమే.

వసిష్ఠుడి ఉపదేశం ఎందుకు ఫలించలేదు?

మాటలతో ఓదార్చగలమా అన్న ప్రశ్నకు కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గలో ఒక జవాబుంది. ఇందుమతి హఠాత్తుగా మరణిస్తుంది. భర్త అజ మహారాజు విలపిస్తాడు. యాగదీక్షలో ఉండి కదలలేని కులగురువు వసిష్ఠుడు శిష్యుడి చేత ఉపదేశం పంపుతాడు. పుట్టినవారికి చావు తప్పదు, ఏడ్చినంత మాత్రాన పోయినవారు రారు, అయినవారి కన్నీళ్లు పోయినవారిని బాధిస్తాయి అన్నది దాని సారం. ఈనాడు మన పరామర్శల్లో వినిపించే వేదాంతమంతా అందులో ఉంది. అజుడు ఆ మాటలను గౌరవంగా స్వీకరించి శిష్యుణ్ని సాగనంపుతాడు. కానీ దుఃఖంతో నిండిన మనసులో వాటికి చోటు దొరకదు. కొడుకు దశరథుడు పసివాడు గనక అజుడు ఎనిమిదేళ్లు నెట్టుకొస్తాడు, ఆమె పోలిక ఉన్న చిత్తరువులు చూసుకుంటూ, కలలో క్షణకాలం కలుసుకుంటూ. ఆపైన దేహం విడుస్తాడు. అంతటి గురువు పంపిన అంతటి తత్త్వం పనిచేయలేదని చెప్పడానికి కాళిదాసు వెనుకాడలేదు. గురువు స్వయంగా రాలేకపోయాడు, శిష్యుడు వచ్చినపనై వెళ్లిపోయాడు. ఆ ఎనిమిదేళ్లూ అజుడి పక్కన ఎవరు కూర్చున్నారో కావ్యం చెప్పదు.

మన ఇళ్లలో వినపడే మాటలకూ ఇదే గతి పడుతోంది. ఏడవకమ్మా, ఆయన ఆత్మ శాంతించదు అంటే ఆమె ఏడుపు ఆగదు, ఏడ్చినందుకు నేరం చేసినట్టు మాత్రం అనిపిస్తుంది. పిల్లల కోసమైనా ధైర్యంగా ఉండాలి అన్నది బాధ్యతను గుర్తుచేస్తుందే గాని బరువు దించదు. ముందే హైదరాబాద్ తీసుకెళ్లాల్సింది అన్న మాట ఆయువు తీరిన మనిషి చావును బతికున్న మనిషి తప్పుగా మార్చేస్తుంది. భార్య పోయినవారితో చాలామంది అనే మాట: పసుపు కుంకుమలతో వెళ్లింది, అదృష్టవంతురాలు. అక్కడే కూర్చున్న భర్త పోయిన స్త్రీకి అది ఎలా వినపడుతుందో అనేవారు ఆలోచించరు. ఇక ఏ అవసరమున్నా మొహమాటపడకుండా చెప్పండి అనే మాటలో మర్యాద ఉంది, సాయం లేదు. ఏ అవసరముందో వెతికి, ఎవరిని అడగాలో తేల్చుకుని, నోరు తెరిచి అడిగే పనిని దుఃఖంలో ఉన్నవారి మీదే పెడుతోంది. దాని బదులు, వదినా, సోమవారం పది గంటలకు బ్యాంకుకు వెళ్దాం, పాస్‌బుక్కులు తీసి ఉంచు అనొచ్చు. బాబాయ్, ఆదివారాలు మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే, నేనొచ్చి తీసుకెళ్తా అనొచ్చు. వీటిలో రోజు ఉంది, గంట ఉంది, పని ఉంది. కాదనడానికీ వీలుంది.

కాగితాల బరువు

ఈ పనుల్లో మొదటిది కాగితాలు. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలని జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రుసుము, ఏడాది దాటితే మేజిస్ట్రేటు స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. అంటే చుట్టాలు వెళ్లిపోయిన తొమ్మిది రోజులకే మొదటి గడువు వచ్చేస్తుంది. ఆ ధ్రువపత్రం లేనిదే ఏ తలుపూ తెరుచుకోదు. ప్రైవేటు ఉద్యోగి పోతే పీఎఫ్ సొమ్ముతోపాటు భార్యకు లేదా భర్తకు ఈపీఎస్ పింఛను, ఈడీఎల్ఐ కింద గరిష్ఠంగా ఏడు లక్షల వరకు బీమా రావచ్చు. చాలా కుటుంబాలకు ఈ చివరిదాని ఊసే తెలియదు. పాస్‌బుక్కులో మే నెలాఖరున 436 రూపాయలు కోసిన ఎంట్రీ ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా కావచ్చు, నామినీకి రెండు లక్షలు వస్తాయి. ఆ ఒక్క వరుసను పట్టుకోవాలంటే పక్కన కూర్చుని పాస్‌బుక్కు తిరగేసే మనిషి కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో వితంతు పింఛనును 2024లో నెలకు 4,000 రూపాయలు చేశారు, తెలంగాణలో 2019లో 2,016 రూపాయలకు పెంచారు. సచివాలయానికో మండలాఫీసుకో ఆధార్, రేషన్ కార్డు, మరణ ధ్రువపత్రం జిరాక్సులు పట్టుకుని తిరగాల్సింది ఎవరు? నిన్నటిదాకా ఇంటి గడప దాటి సంతకం పెట్టి ఎరగని మనిషి. ఆమె వెంట రెండు పూటలు తిరిగినవాడు ఒక్క ఓదార్పు మాట అనకపోయినా అసలైన పరామర్శ చేసినట్టే.

ఓదార్చడానికి వచ్చి ఒంటరిని చేయడం

స్త్రీల విషయంలో మన పరామర్శకు ఇంకో చీకటి కోణం ఉంది. 2011 జనగణన నాటికే దేశంలో వితంతువుల సంఖ్య నాలుగు కోట్లు దాటింది. చాలాచోట్ల పదో రోజున ముత్తయిదువులు, బంధువులు చూస్తుండగా బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, మెట్టెలు తీయిస్తారు. దుఃఖం పంచుకోవడానికి చేరిన జనమే ఆ మనిషిని తమ నుంచి వేరు చేసే తంతుకు సాక్షులవుతారు. ఆపైన ఎదురొస్తే అపశకునం, పెళ్లిపందిట్లో వెనక వరస, తాంబూలంలో పేరు ఉండదు. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. వితంతువుకు మళ్లీ పెళ్లి చేసుకునే హక్కు ఒప్పుకున్న సమాజం, ఆమె మొహాన బొట్టు ఉంచుకునే హక్కు దగ్గర ఇంకా తడబడుతోంది. మారడం అసాధ్యమేమీ కాదు. మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ 2022 మేలో ఈ తంతులను నిషేధిస్తూ తీర్మానం చేసింది. తక్కిన పంచాయతీలూ అదే దారి పట్టాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం సూచించింది. వరంగల్ ప్రాంతంలో పనిచేసే బాల వికాస సంస్థ కూడా భర్తలు పోయిన స్త్రీలను కూడగట్టి ఈ వివక్షకు ఎదురు నిలుస్తోంది. పదో రోజున నలుగురూ చేరేది ఎలాగూ తప్పదు. ఆ నలుగురిలో ఇద్దరు ఈ తంతు వద్దని గట్టిగా అంటే చాలు. ఆరు నెలల తర్వాత ఇంట్లో శుభకార్యం వస్తే ఆమె ఇంటికి స్వయంగా వెళ్లి పిలిచి, ముందు వరసలో కూర్చోబెట్టడం ఆ పరామర్శకు కొనసాగింపు.

మానుతున్న పుండును రేపడమా?

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాలు చిన్నవి కావు. మొదటిది: నెలల తరబడి వెళ్లి గుర్తుచేస్తుంటే మరిచిపోయేది ఎలా? పోయినవారితో బంధం తెంచుకోవడమే దుఃఖం నుంచి బయటపడటమని మనస్తత్వ శాస్త్రం కూడా చాలాకాలం భావించింది. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ సంపాదకత్వంలో వచ్చిన పుస్తకం ఆ అభిప్రాయాన్ని తిరగరాసింది. ఆరోగ్యంగా కోలుకున్నవారు కూడా పోయినవారితో బంధాన్ని మరో రూపంలో నిలుపుకుంటారని అది చూపింది. మనకు ఇది కొత్త కాదు. విశ్వనాథ సత్యనారాయణ పోయిన భార్య పేరిట వరలక్ష్మీ త్రిశతి రాసుకున్నారు. పోయినవారి పేరు మనం ఎత్తనంత మాత్రాన మిగిలినవారు మరచిపోరు. అందరూ కూడబలుక్కున్నట్టు ఆ పేరు పలకడం మానేస్తే, తమకొక్కరికే గుర్తున్నారన్న బాధ అదనంగా చేరుతుంది. అయితే ఎప్పుడూ ఆ మాటే మాట్లాడాలని కాదు. మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ 1999లో చెప్పినట్టు, మనసు కాసేపు దుఃఖంలోకి, కాసేపు రోజువారీ పనుల్లోకి అటూ ఇటూ ఊగుతూనే కుదుటపడుతుంది. ఆ రోజు వారు ఏ ఒడ్డున ఉన్నారో చూసి అక్కడే కూర్చోవడం వచ్చినవారి బాధ్యత.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. చాలామంది ఎవరి సాయమూ లేకుండానే తేరుకుంటారు కదా? నిజమే. జార్జ్ బొనానో బృందం 2002లో ప్రచురించిన అధ్యయనంలో భార్యనో భర్తనో కోల్పోయిన 205 మందిలో దాదాపు సగం తీవ్రమైన కుంగుబాటు లేకుండానే నిలదొక్కుకున్నారు. కాబట్టి నవ్వుతూ కనిపించిన వితంతువును చూసి దుఃఖం లేదని గుసగుసలాడటం అన్యాయం. ఇన్నాళ్లకు ఇంత కోలుకోవాలని గడువు పెట్టడమూ అంతే. దుఃఖానికి ఐదు మెట్లని చెప్పుకునే సిద్ధాంతం కూడా ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో మరణానికి చేరువైన రోగుల గురించి చెప్పింది, మిగిలిపోయినవారి గురించి కాదు. కానీ సగం మంది తేరుకుంటారంటే మిగతా సగం సంగతి ఏమిటి? ఎవరు ఏ సగంలో ఉన్నారో పన్నెండో రోజున చెప్పగలవారు లేరు. ఏడాది దాటాక కూడా రోజులో ఎక్కువ భాగం తలపోతతోనే గడిచి, బతుకు ముందుకు సాగకపోతే దానిని చికిత్స కావాల్సిన స్థితిగా అమెరికా మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం 2022లో గుర్తించింది. అలాంటి మార్పును ముందుగా కనిపెట్టేది తరచూ వెళ్లే మనిషే. నేను కోరేది అందరికీ కౌన్సెలింగ్ కాదు. పక్కింటివారు పక్కింటివారిగా మిగలడం.

మూడోది మన ఊళ్లలో మాత్రమే వినిపించే అభ్యంతరం. ఒంటరి ఆడమనిషి ఇంటికి పదే పదే వెళ్తే నలుగురూ ఏమనుకుంటారు? ఈ భయంతోనే భర్త స్నేహితులంతా ఆమెకు దూరమవుతారు. దీనికి విరుగుడు సహచరులను పోగొట్టుకున్న స్త్రీల దగ్గరే ఉంది. 1960లలో బోస్టన్‌లో ఫిలిస్ సిల్వర్‌మన్ నడిపిన కార్యక్రమంలో, కొత్తగా భర్త పోయిన స్త్రీల దగ్గరకు అప్పటికే ఆ దారి నడిచిన స్త్రీలు వెళ్లేవారు. మనకు ఊరూరా పొదుపు సంఘాలున్నాయి, ప్రతి సంఘంలోనూ అలా నిలదొక్కుకున్న స్త్రీలున్నారు. నెలవారీ సమావేశంలో కొత్తగా భర్త పోయిన సభ్యురాలి పేరు చెప్పి, ఇద్దరికి ఆమె బాధ్యత అప్పగిస్తే ఖర్చేమీ ఉండదు. పురుషుల సంగతికొస్తే పెన్షనర్ల సంఘాలు, పొద్దున నడకకు చేరే గుంపులు ఆ పని చేయగలవు.

నాలుగోది తీరిక లేకపోవడం. వాట్సాప్‌లో ఓం శాంతి అని పెట్టి ఊరుకునేది మనసు లేకనే కాదు, దూరాభారం వల్ల కూడా. అయితే పన్నెండు రోజుల్లో వంద మంది చేసే ప్రయాణాలన్నీ కలిపితే సమయానికి కొరత లేదని అర్థమవుతుంది, పంపకమే సరిగా లేదు. పెద్దకర్మ రోజు భోజనాల తర్వాత కుటుంబంలో ఒకరు పూనుకుని నెలలను పంచితే చాలు. ఒకరు కాగితాలు, ఒకరు మందులు, ఆస్పత్రి తేదీలు. ఒకరు మొదటి సంక్రాంతి, ఒకరు వారి పెళ్లిరోజు, ఒకరు సంవత్సరీకం ముందు వారం. విదేశాల్లో ఉన్నవారు వారానికో రోజు, ఒకే వేళకు ఫోన్ చేయొచ్చు. చావింటి నుంచి వెళ్తూ వెళ్లొస్తానని చెప్పకూడదన్న ఆచారాన్ని పాటించేవారు పాటించవచ్చు. చెప్పకుండానే మళ్లీ వెళ్లడానికి ఏ ఆచారమూ అడ్డు రాదు.

పరామర్శ అంటే కొత్తగా వచ్చిన చావు కబురే మన కళ్లలో మెదులుతుంది. ఈ వారం పోయినవారి ఇంటికి ఎలాగూ జనం వెళ్తారు. కిందటి సంక్రాంతికో దసరాకో భార్యనో భర్తనో పోగొట్టుకున్నవారు మీ ఎరికలో ఒకరైనా ఉంటారు. ఈ ఆదివారం ఫోన్ వెళ్లాల్సింది వారికి.